లినక్స్ అప్‌డేట్: ఎన్నాళ్లకోసారి? ఎంత జాగ్రత్తగా?

పోటీ పరీక్షలకు చదివేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక అధ్యాయంగా, సైబర్ భద్రతను మరో అధ్యాయంగా చదువుతాం. ఆ రెండూ కలిసే చోటు సిస్టమ్ అప్‌డేట్. ఇంజినీరింగ్, డిప్లొమా విద్యార్థికి ఇది ల్యాబ్ పాఠం. ఉద్యోగార్థికి ఇంటర్వ్యూ ప్రశ్న. సర్వర్ చూసుకునే వారికి రోజువారీ బాధ్యత. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కూ లినక్స్ కెర్నలే పునాది. ఇంత విస్తృతంగా వాడే వ్యవస్థను ఎన్నాళ్లకోసారి అప్‌డేట్ చేయాలన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. కానీ జవాబును నిర్ణయించే అంశాలు మూడే: అప్‌డేట్ ఏ రకానిది, డిస్ట్రిబ్యూషన్ ఏ తరహాది, ఆ యంత్రం చేసే పని ఏమిటి. ఈ మూడూ బోధపడితే ప్రశ్నను ఎలా తిప్పి అడిగినా జవాబు రాయవచ్చు.

## ప్రాథమిక భావనలు

- కెర్నల్: హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఉండే మూల భాగం. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టారు. దాదాపు 9 నుంచి 10 వారాలకోసారి కొత్త కెర్నల్ వెర్షన్ వెలువడుతుంది.
- డిస్ట్రిబ్యూషన్: కెర్నల్‌కు మిగతా ప్రోగ్రాములను జతచేసి, వాడుకకు సిద్ధంగా ఇచ్చే సంపూర్ణ వ్యవస్థ. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, ఆర్చ్, ఓపెన్ సూసే ఇందుకు ఉదాహరణలు.
- ప్యాకేజీ: ఒక ప్రోగ్రామును, దాన్ని ఎక్కడ ఎలా అమర్చాలో చెప్పే వివరాలను కలిపి కట్టిన మూట.
- డిపెండెన్సీ: ఒక ప్యాకేజీ పనిచేయడానికి అవసరమయ్యే మరో ప్యాకేజీ.
- రెపాజిటరీ: ప్యాకేజీలను భద్రపరిచి, అందరికీ అందించే సర్వర్ నిల్వ.
- ప్యాకేజీ మేనేజర్: రెపాజిటరీ నుంచి ప్యాకేజీలను తెచ్చి, డిపెండెన్సీలను చూసుకుని అమర్చే సాధనం. డెబియన్, ఉబుంటులలో ఆప్ట్, ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో డీఎన్‌ఎఫ్, ఓపెన్ సూసేలో జిప్పర్, ఆర్చ్‌లో ప్యాక్‌మన్.

విండోస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక అప్‌డేట్, బ్రౌజర్‌కు ఒకటి, పీడీఎఫ్ రీడర్‌కు ఇంకొకటి విడిగా వస్తుండటం మనకు అలవాటు. లినక్స్‌లో రెపాజిటరీ నుంచి అమర్చుకున్న ప్రోగ్రాములన్నీ ఒకే ఆదేశంతో అప్‌డేట్ అవుతాయి. సౌకర్యమంతా ఇక్కడే ఉంది. ఒక్క ఆదేశం వ్యవస్థ మొత్తాన్ని మార్చగలదు కాబట్టి జాగ్రత్త అవసరమూ ఇక్కడే ఉంది.

## అప్‌డేట్, అప్‌గ్రేడ్: తేడా ఏమిటి?

పరీక్షల్లో అభ్యర్థులు ఎక్కువగా తడబడే అంశం ఇది. డెబియన్ కుటుంబంలో ఈ రెండు మాటలకూ వేర్వేరు అర్థాలున్నాయి.

- ఆప్ట్ అప్‌డేట్: రెపాజిటరీలో ఏయే ప్యాకేజీలకు ఏయే వెర్షన్లు ఉన్నాయో తెలిపే జాబితాను తాజా చేస్తుంది. ఒక్క ప్రోగ్రామునూ మార్చదు.
- ఆప్ట్ అప్‌గ్రేడ్: ఆ జాబితా ఆధారంగా కొత్త వెర్షన్లను అమరుస్తుంది. అవసరమైతే కొత్త ప్యాకేజీలను చేరుస్తుంది కానీ, ఉన్నవాటిని తొలగించదు.
- ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్: అప్‌గ్రేడ్ పూర్తికావడానికి అడ్డొచ్చే పాత ప్యాకేజీలను తొలగించడానికీ సిద్ధపడుతుంది.
- ఆప్ట్ ఆటోరిమూవ్: డిపెండెన్సీలుగా వచ్చి ఇప్పుడు ఎవరికీ అవసరం లేని ప్యాకేజీలను తీసేస్తుంది.

కూరగాయల ధరల పట్టీ తెచ్చుకోవడం అప్‌డేట్ అనుకుంటే, సంచి పట్టుకెళ్లి కూరగాయలు తెచ్చుకోవడం అప్‌గ్రేడ్. పట్టీ పాతదైతే బజారులో లేని సరుకు కోసం వెతుకుతాం. అందుకే ముందు అప్‌డేట్, తర్వాతే అప్‌గ్రేడ్.

రెపాజిటరీ నుంచి వచ్చినది అసలుదేనని యంత్రానికి ఎలా తెలుస్తుంది? ప్యాకేజీల జాబితాపై లేదా ఒక్కో ప్యాకేజీపై డిస్ట్రిబ్యూషన్ నిర్వాహకుల డిజిటల్ సంతకం ఉంటుంది. మన యంత్రంలో ముందే ఉన్న పబ్లిక్ కీతో ఆ సంతకాన్ని ప్యాకేజీ మేనేజర్ సరిచూస్తుంది. సంతకం సరిపోలలేదన్న హెచ్చరిక కనిపిస్తే దాన్ని దాటవేసి ముందుకెళ్లడం తప్పు. కారణం తెలిసే వరకు ఆగాలి.

## అప్‌డేట్లలో నాలుగు రకాలు

1. భద్రతా అప్‌డేట్: దాడికి వీలిచ్చే లోపాన్ని మూసేది. దీన్ని వాయిదా వేయకూడదు.
2. దోష సవరణ: ప్రోగ్రాము ఆగిపోవడం, తప్పు ఫలితం ఇవ్వడం వంటివాటిని సరిచేసేది. వారం, పది రోజులు ఆగినా చాలా సందర్భాల్లో ఇబ్బంది ఉండదు.
3. కొత్త సదుపాయాలు: ప్రోగ్రాము రూపాన్ని, పనితీరును మార్చేవి. వీలు చూసుకుని చేసుకోవచ్చు.
4. రిలీజ్ అప్‌గ్రేడ్: ఉబుంటు 22.04 నుంచి 24.04కు, డెబియన్ 12 నుంచి 13కు మారడం వంటిది. ముందుగా ప్రణాళిక వేసుకుని, బ్యాకప్ తీసుకుని చేయాలి.

ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడం వల్లే రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. ఏదో మారిపోతుందన్న భయంతో భద్రతా సవరణలనూ ఆపేసేవారు కొందరు. కొత్తది వచ్చిందన్న ఉత్సాహంతో నడుస్తున్న సర్వర్‌పై రిలీజ్ అప్‌గ్రేడ్ మొదలుపెట్టేవారు మరికొందరు.

## ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

ఒక లోపానికి సవరణ విడుదలైన క్షణం నుంచే ప్రమాదం పెరుగుతుంది. సవరణలో ఏ వరుసలు మారాయో చూస్తే లోపం ఎక్కడుందో దాడి చేసేవారికి తెలిసిపోతుంది. ఓపెన్ సోర్స్‌లో ఆ వరుసలు అందరికీ కనిపిస్తాయి. సవరణ వేసుకున్నవారు సురక్షితం. వేసుకోనివారి ఇంటి తలుపు గడియ ఊడిందని ఊరంతా చాటినట్టే.

- హార్ట్‌బ్లీడ్, 2014 ఏప్రిల్ 7: ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలోని లోపం. సర్వర్ మెమరీ నుంచి ఒక్కో విడతకు 64 కిలోబైట్ల వరకు సమాచారాన్ని బయటివారు చదవగలిగేవారు. దీని గుర్తింపు సంఖ్య సీవీఈ-2014-0160.
- డర్టీ కౌ, 2016 అక్టోబరు: సాధారణ యూజర్ రూట్, అంటే పూర్తి నిర్వాహక, అధికారాలు పొందేందుకు వీలిచ్చిన కెర్నల్ లోపం. 2007 నుంచీ కెర్నల్‌లోనే దాగి ఉంది.
- ఈక్విఫాక్స్, 2017: అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్కులోని లోపానికి మార్చిలోనే సవరణ వచ్చింది. ఈ అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ దాన్ని అమలు చేయని యంత్రంలోకి మే నెలలో దుండగులు ప్రవేశించారు. దాదాపు 14.7 కోట్ల మంది అమెరికన్ల వ్యక్తిగత వివరాలు బయటపడ్డాయి.
- వన్నాక్రై, 2017 మే: ఇది విండోస్‌పై దాడి. మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది మార్చిలోనే. అయినా 2 నెలల తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా దీని బారిన పడ్డాయి.
- రెగ్రెష్షన్, 2024 జులై: దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సాధనం ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌లోని లోపం. 2006లో సరిచేసిన సమస్యే 2021లో వచ్చిన వెర్షన్‌తో తిరిగి ప్రవేశించింది.

ఈక్విఫాక్స్ ఉదంతంలో మరో పాఠం ఉంది. స్ట్రట్స్ వంటి వెబ్ ఫ్రేమ్‌వర్కులు సాధారణంగా అప్లికేషన్‌లోనే కలిసి ఉంటాయి. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే అప్‌డేట్ వాటిని తాకదు. ప్యాకేజీ మేనేజర్ పరిధి దాటి చేత్తో అమర్చుకున్నవాటి జాబితా విడిగా రాసి పెట్టుకోవాలి, విడిగానే అప్‌డేట్ చేయాలి.

## తొందరపడితే ఏమవుతుంది?

- ఎక్స్‌జడ్ కుట్ర, 2024 మార్చి 29: ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ సాధనంలో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి రహస్య ద్వారాన్ని చొప్పించారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ కారణం తవ్వుకుంటూ వెళ్లి దాన్ని బయటపెట్టారు. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఓపెన్ సూసే టంబుల్‌వీడ్ వంటి అతి తాజా శాఖలకు ఆ వెర్షన్లు చేరాయి. డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు.
- డెబియన్ 12.3, 2023 డిసెంబరు: ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డేటాను పాడుచేయగల కెర్నల్ దోషం విడుదల సమయంలో బయటపడింది. 12.3 ఇమేజ్‌ల విడుదలను ఆపి, సవరించిన కెర్నల్‌తో డిసెంబరు 10న 12.4ను ఇచ్చారు. స్థిరత్వానికి పేరుపడ్డ చోటా పొరపాటు జరగవచ్చని ఇది చెబుతోంది.
- క్రౌడ్‌స్ట్రైక్, 2024 జులై 19: ఈ సైబర్ భద్రతా సంస్థ లోపంతో కూడిన ఒక ఫైలును అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపడంతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. విమానాలు, ఆస్పత్రులు, బ్యాంకుల సేవలకు అంతరాయం కలిగింది. లినక్స్ నిర్వాహకులకూ ఇది పాఠమే: ఎంత అత్యవసరమైనా ముందు కొన్ని యంత్రాలపై చూసి, తర్వాతే అన్నింటికీ పంపాలి.

ఉబుంటు ఈ సూత్రాన్ని సాధారణ అప్‌డేట్లలో పాటిస్తోంది. ఒక కొత్త ప్యాకేజీని మొదట కొద్ది శాతం యంత్రాలకే ఇచ్చి, ఫిర్యాదులు రాకపోతే క్రమంగా అందరికీ విస్తరిస్తుంది. దీన్ని దశలవారీ అప్‌డేట్ అంటారు. కొన్ని ప్యాకేజీలను పక్కన పెట్టినట్టు తెరపై సందేశం వస్తే, చాలాసార్లు మన వంతు ఇంకా రాలేదనే అర్థం. బలవంతంగా అమర్చాల్సిన పని లేదు. భద్రతా అప్‌డేట్లకు మాత్రం ఈ వరుస ఉండదు, అందరికీ ఒకేసారి అందుతాయి.

## డిస్ట్రిబ్యూషన్ తరహాను బట్టి

స్థిర విడుదల తరహా: ఒక విడుదలలో చాలా ప్రోగ్రాముల ప్రధాన వెర్షన్లు మారవు. భద్రతా సవరణలు, ముఖ్యమైన దోష సవరణలే ఎక్కువగా వస్తుంటాయి.

- డెబియన్: సుమారు 2 ఏళ్లకో విడుదల. డెబియన్ 12 (బుక్‌వార్మ్) 2023 జూన్‌లో, డెబియన్ 13 (ట్రిక్సీ) 2025 ఆగస్టులో వచ్చాయి. 3 ఏళ్ల మద్దతు, ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక మద్దతు)తో కలిపి 5 ఏళ్లు.
- ఉబుంటు ఎల్‌టీఎస్: సరి సంవత్సరాల్లో ఏప్రిల్‌లో విడుదల. 5 ఏళ్ల ప్రామాణిక మద్దతు. మధ్యలో వచ్చే విడుదలలకు 9 నెలలే.
- ఫెడోరా: సుమారు 6 నెలలకో విడుదల. మద్దతు దాదాపు 13 నెలలు.
- రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్: ప్రధాన విడుదలకు 10 ఏళ్లు.

రోలింగ్ తరహా: ఇందులో విడుదలలంటూ ఉండవు. కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు ప్రవాహంలా వస్తుంటాయి. ఆర్చ్, టంబుల్‌వీడ్ ఈ కోవలోవి.

స్థిర తరహాలో 3 నెలలు ఆగి అప్‌డేట్ చేసినా వ్యవస్థ చెదిరే అవకాశం తక్కువ. అయితే ఆ 3 నెలలూ భద్రతా లోపాలతో గడిపినట్టే. రోలింగ్ తరహాలో 3 నెలల ఆలస్యం అంటే వందలాది మార్పులు ఒకేసారి మీద పడటం. ప్యాకేజీల సంతకాలను సరిచూసే కీల గడువు కూడా ఈలోగా తీరిపోవచ్చు. అందుకే ఆర్చ్ వాడేవారు వారానికోసారి, ఎంత ఆలస్యమైనా రెండు వారాలకోసారి అప్‌డేట్ చేయడం మంచిది. చేసే ముందు ఆర్చ్ అధికారిక ప్రకటనలు చదవాలి. ఒక్క ప్యాకేజీని మాత్రమే కొత్తది చేసి మిగతావాటిని పాతవిగా వదిలే పాక్షిక అప్‌గ్రేడ్‌కు ఆర్చ్‌లో మద్దతు లేదు. కొత్త ప్రోగ్రాము కొత్త లైబ్రరీని కోరుతుంది, పాత ప్రోగ్రాము పాత లైబ్రరీనే వెతుక్కుంటుంది, చివరికి రెండూ నిలిచిపోతాయి.

మద్దతు గడువు తీరిన విడుదలకు ఎంత శ్రద్ధగా అప్‌డేట్ ఆదేశం ఇచ్చినా కొత్త సవరణలు రావు. సెంట్ ఓఎస్ 8కు 2021 డిసెంబరు 31తో, సెంట్ ఓఎస్ 7కు 2024 జూన్ 30తో గడువు ముగిసింది. అలాంటి వ్యవస్థలో తెరపై "చేయడానికేమీ లేదు" అన్న సందేశం కనిపించినా అది క్షేమసమాచారం కాదు. ఆ వ్యవస్థకు సవరణలు పంపేవారే లేరని దాని అర్థం.

## వెర్షన్ సంఖ్య చూసి మోసపోవద్దు: బ్యాక్‌పోర్టింగ్

కొత్త వెర్షన్‌లో వచ్చిన భద్రతా సవరణను మాత్రమే వేరుచేసి, పాత వెర్షన్‌కు అతికించడాన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్, రెడ్ హ్యాట్ ప్రధానంగా ఈ పద్ధతినే పాటిస్తాయి. ఇందువల్ల ప్రోగ్రాము ప్రవర్తన మారదు, లోపం మాత్రం మూసుకుంటుంది. ప్రధాన వెర్షన్ సంఖ్య పాతదే ఉండి, చివరనున్న ప్యాకేజీ సవరణ సంఖ్య పెరుగుతుంది. కాబట్టి పైపై సంఖ్య చూసి ఈ సర్వర్ పాతదని తేల్చేయడం, దాన్ని తీసి బయటి నుంచి కొత్త వెర్షన్‌ను చేత్తో అమర్చడం రెండూ పొరపాట్లే. ఆ తర్వాత ఆ ప్రోగ్రాముకు డిస్ట్రిబ్యూషన్ నుంచి సవరణలు అందవు.

లోపం మూసుకుందో లేదో తెలుసుకోవడానికి సీవీఈ సంఖ్యే ఆధారం. 1999లో మైటర్ సంస్థ ప్రారంభించిన ఈ పద్ధతిలో ప్రతి లోపానికీ సంవత్సరంతో కూడిన సంఖ్య ఇస్తారు. తీవ్రతను సీవీఎస్‌ఎస్ స్కోరుతో కొలుస్తారు. మూడో వెర్షన్ ప్రకారం 0.1 నుంచి 3.9 స్వల్పం, 4.0 నుంచి 6.9 మధ్యస్థం, 7.0 నుంచి 8.9 అధికం, 9.0 నుంచి 10.0 అత్యంత తీవ్రం.

## యంత్రం పనిని బట్టి గడువు

- ఇంటి ల్యాప్‌టాప్: భద్రతా అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా. మిగతావి వారానికోసారి. ఉబుంటులో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే సదుపాయం భద్రతా సవరణలను తనంతట తానే అమరుస్తుంది.
- కళాశాల ల్యాబ్: వారానికో నిర్ణీత రోజు. ముందు ఒక్క యంత్రంపై చేసి, పాఠానికి కావాల్సిన ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూసి, మరుసటి రోజు మిగతావాటిపై.
- ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్: భద్రతా సవరణలు రోజూ. అత్యంత తీవ్రమైనవి వచ్చిన రోజే. మిగతావి పరీక్షించాక నిర్ణీత సమయంలో.
- డేటాబేస్, చెల్లింపుల సర్వర్లు: అలాంటిదే మరో పరీక్షా సర్వర్‌పై ముందు చేసి, బ్యాకప్ తీసి, రద్దీ లేని వేళ. అయితే ఆ పరీక్ష నెలల తరబడి సాగకూడదు.
- మూలన పడి ఉన్న పాత యంత్రం: వాడకపోతే నెట్‌వర్క్ నుంచి తీసేయాలి. ఎవరూ పట్టించుకోని యంత్రమే దాడికి తొలి మెట్టు.

ల్యాబ్‌కు డేటా లెక్క కూడా ముఖ్యం. ఒక విడత అప్‌డేట్ 300 మెగాబైట్లు అనుకుంటే 40 యంత్రాలకు 12 గిగాబైట్లు. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ వంటి స్థానిక నిల్వను ఒక యంత్రంలో పెడితే ఆ 300 మెగాబైట్లే ఒక్కసారి వస్తాయి. మిగతా యంత్రాలు అక్కడి నుంచే తీసుకుంటాయి.

## ఒక అప్‌డేట్‌ను దగ్గరగా చూద్దాం

నేను పాఠాలు చెప్పిన ఒక ల్యాబ్‌లో వేసవి సెలవుల నుంచి ఒక యంత్రాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజు ఉదయం ఒక విద్యార్థి దాన్ని తాజా చేద్దామని అప్‌గ్రేడ్ మొదలుపెట్టాడు. సగంలో కరెంటు పోయింది. ఆ యంత్రానికి యూపీఎస్ లేదు. తిరిగి ఆన్ చేస్తే గ్రాఫిక్ తెర రాలేదు. పిల్లవాడి పరీక్ష మరో యంత్రంపై అరగంట ఆలస్యంగా మొదలైంది. అప్‌డేట్ చేయాలనుకోవడం తప్పు కాదు, ఎంచుకున్న వేళే తప్పు. నెలల తరబడి ఆగి, అవసరమైన రోజున హడావిడిగా చేయడమే ప్రమాదానికి మూలం. ఆ రోజు నుంచి నా విద్యార్థులకు ఈ వరుసను కంఠతా పట్టిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు

1. ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ వేరే డిస్కులో ఉందా?
2. టైమ్‌షిఫ్ట్ లేదా స్నాపర్‌తో వ్యవస్థ స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని స్థితి నకలు) తీశామా? స్నాప్‌షాట్ అదే డిస్కులో ఉంటే బ్యాకప్‌కు బదులు కాదు.
3. డిస్కులో, ముఖ్యంగా బూట్ విభాగంలో ఖాళీ ఉందా? పాత కెర్నళ్లు పేరుకుని ఇది నిండితే కొత్త కెర్నల్ సగంలో ఆగుతుంది.
4. ల్యాప్‌టాప్ చార్జర్‌కు కలిపి ఉందా? దూరంలోని సర్వర్ అయితే టీమక్స్ లేదా స్క్రీన్ లోపల పని చేస్తున్నామా? అలా చేస్తే కనెక్షన్ తెగినా అప్‌గ్రేడ్ ఆగదు.

తెరపై చదవాల్సినవి

అప్‌గ్రేడ్ మొదలయ్యే ముందు ఆప్ట్ 4 సంఖ్యలు చూపిస్తుంది: అప్‌గ్రేడ్ అయ్యేవి 12, కొత్తగా చేరేవి 1, తొలగించేవి 0, అలాగే ఉంచేవి 3 అన్నట్టు. వీటిలో ముందు చూడాల్సింది తొలగించేవాటి సంఖ్య. అది సున్నా అయితే చాలావరకు నిశ్చింత. ఫుల్-అప్‌గ్రేడ్‌లో అక్కడ పెద్ద అంకె కనిపించినా, డెస్క్‌టాప్ పేరుతో ఉన్న ప్యాకేజీ ఆ జాబితాలో ఉన్నా ఆగిపోవాలి. 2021లో లినస్ సెబాస్టియన్ అనే కెనడా వీడియో నిర్మాత పాప్ ఓఎస్ అనే డిస్ట్రిబ్యూషన్‌లో స్టీమ్ అనే గేమింగ్ ప్రోగ్రామును అమర్చబోయారు. డెస్క్‌టాప్ ప్యాకేజీలు తొలగిపోతాయని తెర హెచ్చరించింది. అంగీకార వాక్యం టైపు చేయమంది. ఆయన టైపు చేశారు, డెస్క్‌టాప్ పోయింది. అంత స్పష్టమైన హెచ్చరికను కూడా చదవకుండా దాటేసే అలవాటు మనందరిలో ఉంది. ఆ తర్వాత ఆప్ట్‌లోనే అలాంటి తొలగింపులను కష్టతరం చేశారు.

రెండో ఆగాల్సిన చోటు కాన్ఫిగరేషన్ ఫైలు ప్రశ్న. మనం మార్చుకున్న సెట్టింగుల ఫైలుకు కొత్త రూపం వస్తే, పాతదాన్ని ఉంచాలా, కొత్తది పెట్టాలా అని డెబియన్ కుటుంబంలో ప్యాకేజీలను అమర్చే సాధనం డీపీకేజీ అడుగుతుంది. ఎంటర్ నొక్కితే మన ఫైలే ఉంటుంది. డీ నొక్కితే రెండింటి మధ్య తేడా చూపిస్తుంది. సర్వర్‌పై ఆ తేడా చూసిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలి.

## రీబూట్ ఎప్పుడు అవసరం?

డిస్కుపై ఫైలు మారినంత మాత్రాన మెమరీలో నడుస్తున్న ప్రోగ్రాము మారదు. హార్ట్‌బ్లీడ్ వేళ కొత్త లైబ్రరీ అమర్చి, వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయకపోతే పాత లోపమే నడుస్తూ ఉండేది.

- కెర్నల్ మారితే: రీబూట్ తప్పనిసరి. యూనేమ్ -ఆర్ ఆదేశం ప్రస్తుతం నడుస్తున్న కెర్నల్‌ను చూపుతుంది.
- లైబ్రరీలు మారితే: వాటిని వాడే సేవలను రీస్టార్ట్ చేయాలి. నీడ్‌రీస్టార్ట్ అనే సాధనం ఏ సేవలు పాతవి వాడుతున్నాయో చెబుతుంది.
- సాధారణ అప్లికేషన్ మారితే: దాన్ని మూసి తెరిస్తే చాలు.

ఉబుంటులోని లైవ్‌ప్యాచ్, రెడ్ హ్యాట్‌లోని కేప్యాచ్ రీబూట్ లేకుండానే కెర్నల్‌కు కొన్ని భద్రతా సవరణలు అతికిస్తాయి. ఇవి రీబూట్‌ను వాయిదా వేస్తాయి తప్ప శాశ్వతంగా రద్దు చేయవు. ఏడాదిగా రీబూట్ చేయలేదని గొప్పగా చెప్పుకొనే సర్వర్ చాలాసార్లు ఏడాది నాటి కెర్నల్‌తో నడుస్తున్న సర్వరే.

## దెబ్బతింటే ఏం చేయాలి?

1. బూట్ కాకపోతే: గ్రబ్ (బూట్ లోడర్) మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌ను ఎంచుకోవాలి. అందుకే నడుస్తున్న కెర్నల్‌తో పాటు కనీసం ఒక పాత కెర్నల్ ఉంచుకోవాలి. ఫెడోరా మామూలుగా 3 కెర్నళ్లను ఉంచుతుంది.
2. అప్‌గ్రేడ్ సగంలో ఆగితే: డెబియన్ కుటుంబంలో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఆ తర్వాత ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్. మా ల్యాబ్ యంత్రం ఈ రెండింటితోనే కోలుకుంది.
3. ఏం మారిందో తెలియకపోతే: ఆప్ట్ చరిత్ర లాగ్ చూడాలి. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్ని మార్పులనూ వరుస సంఖ్యలతో చూపుతుంది. అవసరమైతే ఒక మార్పును వెనక్కి తీసుకోవచ్చు.
4. ఒక ప్యాకేజీ కొత్త వెర్షన్ సరిపడకపోతే: ఆప్ట్-మార్క్ హోల్డ్‌తో తాత్కాలికంగా ఆపవచ్చు. ఎప్పుడు ఆపామో, ఎందుకు ఆపామో రాసుకోకపోతే ఆ తాత్కాలికమే శాశ్వతమవుతుంది.
5. ఏదీ పనిచేయకపోతే: స్నాప్‌షాట్‌కు తిరిగి వెళ్లాలి.

## భారతదేశం: తెలుసుకోవాల్సినవి

- సెర్ట్-ఇన్: సైబర్ భద్రతా ఘటనలపై జాతీయ నోడల్ సంస్థ. 2004 జనవరి నుంచి పనిచేస్తోంది. ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 70బీ దీనికి చట్టబద్ధత ఇస్తుంది. లోపాలు, సవరణలపై హెచ్చరికలు విడుదల చేస్తుంది.
- 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు: నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.
- ఎన్‌సీఐఐపీసీ: విద్యుత్, బ్యాంకింగ్ వంటి కీలక సమాచార మౌలిక వసతుల రక్షణ సంస్థ. సెక్షన్ 70ఏ కింద ఏర్పడింది.
- బాస్ లినక్స్: సీ-డాక్ రూపొందించిన, డెబియన్ ఆధారిత భారతీయ డిస్ట్రిబ్యూషన్. తెలుగు సహా భారతీయ భాషలకు మద్దతు ఉంది.
- స్వేచ్ఛ: హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ. తెలుగులో వాడుకోగలిగే లినక్స్‌ను రూపొందించింది.

## మాదిరి ప్రశ్నలు

1. ఆప్ట్ అప్‌డేట్ ఆదేశం ఏం చేస్తుంది?
ఎ) ప్రోగ్రాములను అమరుస్తుంది బి) ప్యాకేజీల జాబితాను తాజా చేస్తుంది సి) కెర్నల్‌ను మారుస్తుంది డి) పాత ప్యాకేజీలను తొలగిస్తుంది

2. రోలింగ్ తరహా డిస్ట్రిబ్యూషన్ ఏది?
ఎ) డెబియన్ స్టేబుల్ బి) ఉబుంటు ఎల్‌టీఎస్ సి) ఆర్చ్ డి) రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్

3. పాత వెర్షన్‌కే భద్రతా సవరణను అతికించే పద్ధతి?
ఎ) ఫోర్కింగ్ బి) బ్యాక్‌పోర్టింగ్ సి) మిర్రరింగ్ డి) క్యాషింగ్

4. 2024 మార్చిలో రహస్య ద్వారం బయటపడిన సాధనం?
ఎ) ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ బి) బాష్ సి) ఎక్స్‌జడ్ డి) గ్రబ్

5. సీవీఎస్‌ఎస్ మూడో వెర్షన్ ప్రకారం 9.8 స్కోరు ఏ శ్రేణిలోకి వస్తుంది?
ఎ) స్వల్పం బి) మధ్యస్థం సి) అధికం డి) అత్యంత తీవ్రం

6. సెర్ట్-ఇన్‌కు చట్టబద్ధత కల్పించే సెక్షన్?
ఎ) 66ఏ బి) 69ఏ సి) 70ఏ డి) 70బీ

7. ప్రస్తుతం నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌ను చూపే ఆదేశం?
ఎ) యూనేమ్ -ఆర్ బి) ఆప్ట్ లిస్ట్ సి) డీపీకేజీ -ఎల్ డి) హోస్ట్‌నేమ్

జవాబులు: 1-బి, 2-సి, 3-బి, 4-సి, 5-డి, 6-డి, 7-ఎ

## వివరణాత్మక జవాబు రాసేటప్పుడు

"లినక్స్ సర్వర్‌ను ఎన్నాళ్లకోసారి అప్‌డేట్ చేయాలి?" అని అడిగితే నేరుగా "వారానికోసారి" అని రాయవద్దు. మొదటి పేరాలో అప్‌డేట్ రకాలను విడదీయాలి. రెండో పేరాలో ఆలస్యానికి ఈక్విఫాక్స్‌ను, తొందరకు ఎక్స్‌జడ్‌ను ఉదాహరణలుగా ఎదురెదురుగా పెట్టాలి. మూడో పేరాలో డిస్ట్రిబ్యూషన్ తరహాను, యంత్రం పనిని బట్టి గడువు చెప్పాలి. చివర బ్యాకప్, పరీక్ష, రీబూట్, పునరుద్ధరణ అనే క్రమాన్ని రాయాలి.

ఈ పాఠం మార్కులతో ముగియదు. రేపు మీలో ఎవరో ఒకరి చేతికి ఒక ఆస్పత్రి సర్వరో, పంచాయతీ కార్యాలయ కంప్యూటరో వస్తుంది. అందులో మనుషుల రిపోర్టులు, భూముల వివరాలు, పింఛన్ల లెక్కలు ఉంటాయి. వాటిని కాపాడటానికి అసాధారణ ప్రతిభ అక్కర్లేదు. వారంలో ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకుని, తెరపై కనిపించే నాలుగు సంఖ్యలనూ చదివి, ఆ తర్వాతే ఎంటర్ నొక్కే అలవాటు ఉంటే చాలు. దాన్ని ఈ వారమే మీ సొంత యంత్రంపై మొదలుపెట్టండి.